కొత్త ఇయర్‌ఫోన్స్‌లో పాట పల్చగా వినిపిస్తుంటే ముందు చెవిలో పెట్టే మెత్తటి టిప్స్ మార్చి చూడండి

కొత్త ఇయర్‌ఫోన్స్‌లో సౌండ్ పల్చగా ఉందని, స, శ అక్షరాలు చెవిలో గుచ్చుకుంటున్నాయని, వంద గంటలు పాటలు పెట్టి వదిలేస్తే సర్దుకుంటుందా అని అడిగారు. నాకూ అచ్చం ఇలాగే అయింది.

పోయినేడాది కోఠిలో నాకూ తమ్ముడికీ ఒకే మోడల్‌వి రెండు కొన్నాను, వైరున్నవే. మియాపూర్‌లో మెట్రో ఎక్కి మృదంగం కచేరీ పెట్టుకుంటే ప్రాణం ఉసూరుమంది. మృదంగం కుడివైపు చాపు దెబ్బ టంగుమని మోగుతోంది గానీ, దాని ఎడమవైపు నుంచి వచ్చే లోతైన ‘తోం’ అసలు లేదు. షాపులో అడిగితే, ‘వంద గంటలు వాడండి, సెట్ అవుతుంది’ అన్నారు. పది రాత్రులు ఫోన్‌కి తగిలించి పాటలు మోగుతుండగానే పడుకున్నాను. పగలు కూడా అవే వాడాను. నిజంగానే ఆ గుచ్చుకోవడం తగ్గింది.

తమ్ముడు అప్పటికి తన డబ్బా సీల్ కూడా తీయలేదు. ఆదివారం దాన్ని తెరిచి, ఏది ఎవరిదో చెప్పకుండా ఒకదాని తర్వాత ఒకటి ఇవ్వమన్నాను. అదే పాట, అదే వాల్యూమ్. ఎన్నిసార్లు విన్నా గుర్తుపట్టలేకపోయాను. అంటే ఇయర్‌ఫోన్స్ మారలేదు, నా చెవే అలవాటు పడింది.

మరి ‘తోం’ సంగతి? వాడు నా చెవి వైపు చూసి, ‘అక్కా, ఇది వదులుగా ఉంది, కదిలిపోతోంది’ అని పెద్ద సైజు సిలికాన్ టిప్స్ తొడిగాడు. పై నుంచి చెయ్యి తిప్పి చెవిని కాస్త పైకి, వెనక్కి లాగి పెట్టుకున్నాను. బయటి ఫ్యాన్ చప్పుడు తగ్గి, మృదంగం ఎడమవైపు నాదం నిండుగా వచ్చింది. చెవికీ టిప్‌కీ మధ్య సందుంటే ముందు పోయేది బేసే, అంటే ఆ లోతైన నాదమే. రెండు చెవులకు వేర్వేరు సైజులు పట్టినా తప్పేం లేదు, నాకు ఎడమ చెవికి మీడియమే సరిపోయింది.

టిప్స్ కుదిరాక పాత ఇయర్‌ఫోన్స్ పక్కన పెట్టి, మీకు కంఠతా వచ్చిన పాటలు ఓ వారం వినండి. అప్పటికీ గుచ్చుకుంటుంటే ఈక్వలైజర్‌లో (సన్న, లావు శబ్దాలను విడివిడిగా పెంచి తగ్గించే సెట్టింగ్) 5,000 నుంచి 8,000 హెర్ట్జ్ మధ్య రెండు మూడు డెసిబెల్స్ తగ్గించండి. బేస్ కోసం వాల్యూమ్ మాత్రం పెంచకండి. పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలే సురక్షితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

వాపసు గడువు తేదీ ఇప్పుడే చూసుకోండి. ఒకవైపు తక్కువగా వినిపిస్తున్నా, చెవి నొప్పి పుడుతున్నా అలవాటవుతుందని ఆగకండి, గడువులోపే తిరిగి ఇచ్చేయండి.