మొదటి ప్యాచ్ పంపేముందు

చిరంజీవి అమ్మాయికి,

మీడియావికీలో కోడ్ రాస్తానన్నావు, మంచిదే. తెలుగు వికీపీడియా నడిచేది ఆ సాఫ్ట్‌వేర్ మీదే కదా. ముందు ఫ్యాబ్రికేటర్‌లో (బగ్గులూ పనులూ నమోదు చేసే సైటు) ‘గుడ్ ఫస్ట్ టాస్క్’ అని ట్యాగ్ ఉన్న పని ఒకటి చూసుకో. దాని కింది వ్యాఖ్యలు చివరిదాకా చదివాకే చెయ్యి పెట్టు. ఎవరో ఈపాటికే ప్యాచ్ (అంటే కోడ్‌లో మార్పు) పంపి ఉండొచ్చు.

ఒక ప్యాచ్‌లో ఒకటే పని. బగ్ సరిచేస్తూ పక్క ఫంక్షన్‌లో ఖాళీలు కూడా సర్దావంటే, రివ్యూ చేసేవాళ్లు అసలు మార్పేదో ఏరుకోవాలి. విసుగొచ్చి పక్కన పెట్టేస్తారు. వాళ్లనీ తప్పుపట్టలేం. ప్యాచ్‌లను రివ్యూ చేసే సైటు గెర్రిట్‌కి పంపేముందే కంపోజర్ టెస్ట్, ఎన్‌పీఎం టెస్ట్ అనే కోడ్ పరీక్షల్ని నీ కంప్యూటర్లో నడుపు. మీడియావికీ కోడ్‌లో ఇండెంటేషన్‌కి (వరుస మొదట వదిలే ఖాళీకి) ట్యాబులు వాడతారు. నీ ఎడిటర్ స్పేసులు కొడుతుంటే ముందే మార్చుకో.

తెరమీద కనబడే మాట కొత్తది చేరిస్తే ఆ మాటలుండే ఇంగ్లిష్ జేసన్ ఫైలుతో పాటు, అనువాదకుల కోసం ఉండే క్యూక్యూక్యూ జేసన్‌లో దాని వివరణ కూడా రాయాలి. లేకపోతే టెస్టు ఫెయిలవుతుంది. దీన్ని తద్దినంలా రాసేవాళ్లే ఎక్కువ. ‘ఓపెన్’ అని ఒక్క ముక్క పెట్టావనుకో, అది బటన్ అయితే తెలుగులో ‘తెరువు’, స్థితి అయితే ‘తెరిచి ఉంది’. అనువదించేవాళ్లకు నీ తెర కనబడదు, ఆ వివరణే దిక్కు. మాటలో $1 అని ఉంటే, ఆ చోట పడేది అంకెనో, పేజీ పేరో, వాడుకరి పేరో చెప్పు. పేరని తెలిస్తే ‘$1 అనే వాడుకరికి’ అని తిప్పి రాసుకుంటారు. తెలియక ‘$1కు’ అని రాస్తే తెరమీద ‘రవికు’ అని పడుతుంది. వాక్యాన్ని ముక్కలు చేసి కోడ్‌లో అతికించకు, మన క్రియ చివరికి పోతుంది. తెలుగు జేసన్ ఫైలును మాత్రం చేత్తో ముట్టుకోకు. అనువాదాలు ట్రాన్స్‌లేట్‌వికీ అనే అనువాద సైటు నుంచి వస్తాయి, నువ్వు రాసింది వాటికింద చెరిగిపోతుంది.

కమిట్ (గిట్‌లో భద్రపరిచే మార్పు) సందేశంలో మొదటి వరుస పొట్టిగా, ఏం మారిందో. ఒక వరుస వదిలి, ఎందుకో. అడుగున ‘బగ్’ వరుసలో టాస్క్ నంబరు, దాని కిందే ఛేంజ్-ఐడీ (గెర్రిట్ ఆ మార్పును గుర్తుపట్టే సంకేతం). ఈ రెండింటి మధ్య ఖాళీ వరుస ఉండకూడదు.

రివ్యూలో మైనస్ ఒకటి వేశారని బెంగపడకు, అది ‘ఇది సరిచెయ్యి’ అనడమే. సరిచేసి ఇంకో కమిట్ చెయ్యకు. పాతదాన్నే అమెండ్ చేసి (అంటే దాన్నే దిద్ది) గిట్ రివ్యూ అనే ఆదేశం కొట్టు. ఛేంజ్-ఐడీ చెరిపేశావంటే గెర్రిట్ దాన్ని వేరే మార్పుగా లెక్కేస్తుంది, అప్పటిదాకా జరిగిన చర్చ పాతదాని దగ్గరే ఉండిపోతుంది. రెండు వారాలైనా ఎవరూ చూడకపోతే, ఆ ఫైలు గిట్ లాగ్‌లో (మార్పుల చరిత్రలో) ఈమధ్య పేరున్నవాళ్లను రివ్యూయర్‌గా చేర్చు.

ప్లస్ రెండు (ఆమోదం) పడి మెర్జ్ అయ్యాక (అసలు కోడ్‌లో కలిశాక), మామూలుగా మంగళవారం పరీక్ష వికీలకు, గురువారం తెవికీకి (తెలుగు వికీపీడియాకి) వస్తుంది. మంగళవారపు బండి తప్పితే మరో వారం ఆగాలి. వచ్చిన రోజు తెవికీ తెరిచి, నువ్వు మార్చిన చోట ఒకసారి నొక్కి చూడు. ఏదైనా తేడాగా ఉంటే ఆ టాస్క్‌లోనే వెంటనే రాయి.

ఆశీస్సులతో,
బాబాయి