కార్చిచ్చు వస్తే మా కాలనీ బయటపడేదెలా?

ప్రశ్న: మాది కొండవాలులో 120 ఇళ్ల కాలనీ. వెనక అంతా అడవి. బయటికి ఒకటే రోడ్డు. ఈ వేసవిలో దూరంగా మంటలు కనబడేసరికి అందరికీ టెన్షన్ పట్టుకుంది. ఖాళీ చేయాల్సివస్తే ఏం చేయాలో ప్లాన్ రాయమని అసోసియేషన్‌లో నాకు అప్పగించారు. పెద్ద సైరన్ కొందామని కొందరు, ఫోన్‌కి మెసేజ్ వస్తే చాలదా అని కొందరు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు: సైరన్ సంగతి తర్వాత. ముందు ఒక నోట్‌బుక్ పట్టుకుని ఇంటింటికీ వెళ్లండమ్మా. మధ్యాహ్నం పూట ఇంట్లో ఉండేదెవరు, వాళ్లలో కారు నడిపేదెవరు, మెట్లు దిగలేనివాళ్లు, చెవులు వినబడనివాళ్లు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లు ఎవరు అని అడిగి రాసుకోండి. పగటి లెక్క వేరు, రాత్రి లెక్క వేరు. పగలు ఉద్యోగస్తులతో పాటు కార్లూ వెళ్లిపోతాయి.

అగ్నిమాపక శాఖలో పనిచేసినన్నాళ్లూ నన్ను బాధపెట్టింది ఈ విషయమే. 2018 నవంబరులో కాలిఫోర్నియాలోని పారడైజ్ ఊరిని కాల్చేసిన మంటల్లో 85 మంది చనిపోయారు. ఆ ఊరికి ప్లాన్ లేక కాదు. ఊరిని జోన్లుగా విడగొట్టుకున్నారు, పెద్ద రోడ్డును బయటికి వన్‌వే చేసే ఏర్పాటూ ఉంది. కానీ మంట కొద్ది గంటల్లోనే ఊరంతా కమ్మేసింది, రోడ్లు జామ్ అయిపోయాయి. పోయినవాళ్లలో ఎక్కువమంది 65 దాటినవాళ్లు, చాలామంది తమ ఇళ్లలోనో ఇళ్ల పక్కనో దొరికారు. అందుకే ముందు నోట్‌బుక్ అంటున్నాను.

సాయం కావలసిన ప్రతి ఇంటికీ ఇద్దరు పొరుగువాళ్లను ఒప్పించండి. ఒకరు ఊళ్లో లేకపోతే ఇంకొకరు. పేర్లు రాసుకుంటే సరిపోదు, ఆ ఇద్దరూ ఒకరోజు వెళ్లి పెద్దాయన వీల్‌చైర్ మడిచి తమ డిక్కీలో పడుతుందో లేదో చూసుకోవాలి. తాళం చెవి ఎక్కడుంటుందో తెలియాలి.

మోటారుతో లేచే గ్యారేజీ తలుపు గురించి గట్టిగా చెప్పాలి. మంటలప్పుడు కరెంటు పోవడం మామూలే. బటన్ నొక్కితే తలుపు లేవదు, కారు లోపల ఉండిపోతుంది. మోటారు నుంచి ఒక తాడు వేలాడుతుంది, చాలావాటికి అది ఎర్రగా ఉంటుంది. తలుపు మూసి ఉండగా దాన్ని లాగితే మోటారు పట్టు వదులుతుంది, అప్పుడు చేత్తో ఎత్తాలి. స్ప్రింగ్ బాగుంటే తేలిగ్గా లేస్తుంది, పాడైతే మగవాళ్లకే కదలదు. ఒక సెలవురోజు ఇల్లిల్లూ తిరిగి, ఒంటరిగా ఉండే పెద్దవాళ్లే స్వయంగా ఎత్తగలరేమో చూడండి. ఎత్తలేకపోతే ఆ సీజన్ అంతా కారు బయటే, ముందుభాగం రోడ్డువైపు పెట్టి ఉంచమనండి. కాలిఫోర్నియాలో 2019 నుంచి కొత్త మోటార్లకు బ్యాటరీ తప్పనిసరి చేసింది ఇందుకే.

రోడ్డు ఒకటే కాబట్టి ఇంటికి ఒకటే కారు. రెండో కారు మీద ఎంత మమకారం ఉన్నా, అది వెనకవాళ్ల దారికి అడ్డం. ట్యాంకు ఎప్పుడూ సగానికి తగ్గకూడదు. అడవివైపు గేటు ఏదైనా ఉంటే తాళం ఎవరి దగ్గరుందో ఇవాళే కనుక్కోండి.

అన్నిటికంటే ముఖ్యం త్వరగా బయల్దేరడం. 2017లో పోర్చుగల్‌లో పెద్రోగావ్ గ్రాందె అనే చోట వచ్చిన మంటల్లో 66 మంది చనిపోతే, వాళ్లలో 47 మంది ఒకే రోడ్డు మీద, ఆ చుట్టుపక్కల చనిపోయారు. ఆలస్యమైతే రోడ్డే ఉచ్చు అవుతుంది. నడవలేనివాళ్లు, పసిపిల్లల తల్లులు మొదటి హెచ్చరికకే వెళ్లిపోవాలి, ఖాళీ చేయమని ఆర్డర్ వచ్చేదాకా ఆగకూడదు. దారి మూసుకుపోతే ఎక్కడ చేరాలో కూడా చెప్పి ఉంచండి. చెట్టూ చేమా లేని పెద్ద మైదానమో, పార్కింగ్ స్థలమో చూసుకోండి. ఆ విషాదం తర్వాత పోర్చుగల్ పల్లెల్లో ఇలాంటి చోట్లు ముందే గుర్తించి, ఊరికొక బాధ్యుణ్ణి పెట్టి, డ్రిల్ చేయిస్తున్నారు.

ఇక సైరన్. కొనండి, మంచిదే. కానీ 2023లో అమెరికాలోని హవాయిలో లహైనా ఊరు కాలిపోతుంటే అక్కడున్న సైరన్లు మోగనేలేదు. కరెంటు, ఫోన్లు కూడా పోయాయి. కాబట్టి వీధికి ఇద్దరు తలుపులు కొట్టేవాళ్లు కావాలి, చేతిలో మెగాఫోన్ ఉంటే ఇంకా మేలు.

ప్రశ్న: పైపుతో నీళ్లు కొడుతూ ఇల్లు కాపాడుకుంటానంటున్నారు మావారు. ఉండనివ్వచ్చా?

జవాబు: వద్దమ్మా. కరెంటు పోతే నీళ్ల మోటారు ఆగుతుంది, అందరూ ఒకేసారి తిప్పితే కుళాయిలో ధార సన్నబడుతుంది. 2009లో ఆస్ట్రేలియా మంటల్లో పోయిన 173 మందిలో ఇల్లు కాపాడుకుందామని ఆగినవాళ్లు ఎంతోమంది. ఆ ఉత్సాహమేదో ఇప్పుడే చూపించమనండి. ఇళ్లు ఎక్కువగా అంటుకునేది గాలికి ఎగిరొచ్చే నిప్పురవ్వల వల్లే. గోడ చుట్టూ ఐదడుగుల మేర ఎండుటాకులు, కట్టెలు, ప్లాస్టిక్ ఏమీ ఉండకూడదు. చూరు గొట్టాల్లో ఆకులు తీసేయాలి, గాలి కంతలకు సన్నని ఇనుప జల్లెడ బిగించాలి. బయల్దేరేటప్పుడు కిటికీలు మూసి, గ్యాస్ కట్టేసి, పొగలో ఇల్లు కనబడేలా ఒక లైటు వేసి వెళ్లండి. పైపును బయటి కుళాయికి తగిలించే ఉంచండి, అగ్నిమాపక సిబ్బంది వస్తే వాడుకుంటారు.