హరికథా కాలక్షేపం పొద్దుపోకేనా?

సందేహం: మాది నెల్లిమర్ల దగ్గర పల్లె. ఏటా శ్రీరామనవమికి పందిట్లో హరికథ చెప్పిస్తాం. ఈసారి కరపత్రంలో 'సాయంత్రం 6 గంటలకు హరికథా కాలక్షేపం' అని రాస్తే మా కుర్రాళ్ళు ఒప్పుకోలేదు. 'కాలక్షేపం అంటే బఠానీలు నములుతూ పొద్దుపుచ్చడం కదా, రాముడి కథకి ఆ మాటేమిటి? హరికథా గానం అందాం' అంటున్నారు. ఏది ఒప్పు? 'హరికధ' అని కూడా రాయవచ్చా?

సమాధానం: మీరు రాసిందే ఒప్పు. కుర్రాళ్ళ పట్టింపు మంచిదే గాని, చిక్కంతా వాళ్ళు సమాసం విప్పిన తీరులో ఉంది. 'హరికథ అనే కాలక్షేపం' అని విప్పితే కథ నిజంగానే ఉబుసుపోక సరుకైపోతుంది. విప్పవలసింది 'హరికథచేత కాలక్షేపం' అని, తృతీయా తత్పురుషం. కాలం ఎలాగూ గడుస్తుంది. దేనితో గడిపామన్నది పూర్వపదం చెబుతుంది. 'కావ్యశాస్త్రవినోదేన కాలో గచ్ఛతి ధీమతామ్' అని హితోపదేశం. బుద్ధిమంతులకు కావ్యశాస్త్రాలతో పొద్దు గడుస్తుందట. మూర్ఖులకు వ్యసనంతో, నిద్రతో, తగువులతో.

క్షేపం అంటే విసరడం, గడపడం, నిందించడం కూడా. నిందించడమనే అర్థం ఆక్షేపణలో బతికే ఉంది కాబట్టి మాట కాస్త చేదుగా తగలడంలో వింత లేదు. మేఘసందేశంలో యక్షుడు 'కాలక్షేపం కకుభసురభౌ పర్వతే పర్వతే తే' అని బెంగపడతాడు. పూలవాసన వేసే కొండ కనబడిన చోటల్లా మేఘుడు ఆగిపోతాడేమోనని! అక్కడ ఆ మాటకు ఆలస్యమనే అర్థం.

దీనికి గౌరవం తెచ్చిపెట్టింది శ్రీవైష్ణవుల వాడుక. బ్రహ్మసూత్రాలకు రామానుజులు రాసిన శ్రీభాష్యమో, తిరువాయ్మొళి వ్యాఖ్యానమైన భగవద్విషయమో గురువు ఎదుట కూర్చుని పంక్తి పంక్తీ చెప్పించుకోవడాన్ని వాళ్ళు కాలక్షేపం చేయడమనే అంటారు. 'ఫలానా స్వామి దగ్గర శ్రీభాష్యం కాలక్షేపం చేశారు' అంటే ఆ మనిషి చదువుకు అంతకంటే యోగ్యతాపత్రం అక్కర్లేదు. మరాఠీ కీర్తన పద్ధతి తంజావూరు చేరి తమిళదేశంలో 'కథాకాలక్షేపం' అనిపించుకుంది. తెలుగువాళ్ళం ఈ మాటను రోజువారీ సంసారంలోకి దింపేశాం. 'ఆ అరెకరంతోనే కాలక్షేపం చేస్తున్నారు' అంటే బతుకు వెళ్ళదీస్తున్నారని. బఠానీలు ఆ తరవాతి సంగతి.

అయినా ఈ సందేహం మీ వైపు నుంచి రావడమే నాకు విడ్డూరం. బొబ్బిలి దగ్గర అజ్జాడలో 1864లో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు గారు తెలుగు హరికథకు ఒక రూపం కట్టి నిలబెట్టింది మీ పక్కనున్న విజయనగరంలోనే. మద్రాసు నుంచి వచ్చిన కుప్పుస్వామి నాయుడు గారి హరికథ విని, 1883లో తన తొలి కథ ధ్రువచరిత్ర కట్టారు. 1919లో అక్కడ సంగీత కళాశాల పెడితే దానికి మొదటి ప్రిన్సిపాలూ ఆయనే. దాసుగారి తరహా కథలో పాట ఉంది, పద్యం ఉంది, వచనం ఉంది, కాలికి గజ్జె, చేతిలో చిడత, కళ్ళలో అభినయం, నడుమ పిట్టకథ ఉన్నాయి. అంతటినీ 'గానం' అన్న ఒక్క మాటలో కుక్కితే కురచైపోదా? తప్పనను, చాలదంటాను.

కాలక్షేపం మీద కుర్రాళ్ళకు మనసు పోకపోతే ఉత్త 'హరికథ' అని వేయించండి. దానికి తోక అక్కర్లేదు. సంస్కృతం దిట్టంగా వచ్చినా తన జీవితకథకు 'నా యెఱుక' అని తెలుగు పేరు పెట్టుకున్న దాసుగారు దీనికి అడ్డు చెప్పరనే నా నమ్మకం. కాలక్షేపం ఉంచితే మాత్రం 'హరికథా' అని దీర్ఘం ఉండాలి. సంస్కృత సమాసంలో 'కథా' శబ్దం కురచ కాదు.

ఇక 'హరికధ' ముమ్మాటికీ తప్పు. ధాతువు 'కథ్', పొట్టలో చుక్క ఉన్న థ. అర్థం, అర్ధం అని రెండు మాటలున్నాయి కాబట్టి అక్కడ అక్షరం మారితే అర్థమే సగమవుతుంది. 'కధ' అనే మాట అసలు లేనే లేదు. రామనాధం, కూర్మనాధం అని సంతకాలు పెట్టేవాళ్ళ జోలికి నేను పోను, ఎవరి పేరు వారిష్టం. కరపత్రం మాత్రం ప్రెస్సుకు ఇచ్చేముందు ఒకసారి దిద్దండి.