పాపను అప్పగిస్తేనే భరణమా?

అమ్మా, నాలుగేళ్ల పాపతో గాజువాకలో పుట్టింట ఉంటున్నారనీ, హైదరాబాదులోని మీ భర్త పాపను అప్పగిస్తేనే ఖర్చులకు డబ్బిస్తానంటున్నారనీ రాశారు. ఆ షరతుకు చట్టంలో చోటు లేదు. మీది హిందూ వివాహమన్నారు కనుక, మైనర్ పిల్లల సంరక్షణకు సంబంధించిన 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ఆరవ సెక్షన్ ప్రకారం ఐదేళ్లలోపు బిడ్డ సాధారణంగా తల్లి వద్దే ఉండాలి. ఆ తర్వాతైనా కోర్టు ప్రధానంగా చూసేది బిడ్డ క్షేమాన్నే.

పాప మీ దగ్గరే పెరుగుతున్నందున విశాఖపట్నం ఫ్యామిలీ కోర్టులోనే సంరక్షణ పిటిషన్ వేయవచ్చు. భరణానికి భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన చట్టం) 144వ సెక్షన్ కింద దరఖాస్తు చేసి, కేసు తేలేలోపు అందే మధ్యంతర భరణం కూడా తప్పక కోరండి. 2020లో రజనేశ్, నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పినట్లు భరణం దరఖాస్తు తేదీ నుంచే లెక్కకు వస్తుంది కాబట్టి, జాప్యం పాపకే నష్టం. లాయరు ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించండి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచిత సహాయం అందుతుంది. ఆయన పాపను చూడటానికి వస్తే మాత్రం దయచేసి అడ్డుచెప్పకండి, తండ్రి ప్రేమ కూడా ఆ బిడ్డ హక్కే.