చలికాలంలో కోళ్లకు పొర్లే చోటు పెట్టాలా? తప్పకుండా పెట్టాలి

పెరటి కోళ్లకు చలికాలంలో మట్టిస్నానం, అంటే పొడి మట్టిలో పొర్లి ఒళ్లు శుభ్రం చేసుకునే చోటు, ఏర్పాటు చేయాలా, ఎండలు ముదిరేదాకా ఆగవచ్చా అని కొందరు అడిగారు. ఆగకండి. ఎండాకాలంలో కోడి తన చోటు తానే వెతుక్కుంటుంది. దానికి మన అవసరం పడేది మార్గశిరంలోనే.

మాది బాపట్ల దగ్గర ఊరు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను మా దగ్గరే తీరం దాటింది. వానకు పెరడంతా బురద అయింది. వాన వెలిశాక కూడా రాత్రంతా మంచు కురిసేది. నేల పైకి ఆరినట్టే కనిపించేది, వేలు గుచ్చితే లోపల ముద్ద. అప్పుడు నాకు ఏడు పెట్టలు, ఒక పుంజు ఉండేవి. పది రోజులు తిరిగేసరికి తెల్లపెట్ట గుడ్డు మానేసింది. మేత దగ్గర రెండు గింజలు ఏరుకోవడం, మెడ వెనక్కి తిప్పి తోక కింద పొడుచుకోవడం, ఇదే పని. రాత్రి గంప కింద మూసే వేళ దాన్ని పట్టుకుని, టార్చిలైటు వేసి తోక కింద ఈకలు విప్పి చూశాను. వెలుతురు పడగానే గడ్డిరంగు పేలు చెదిరి పరుగెత్తాయి. ఈకల మొదళ్లకు పిండిముద్ద అంటించినట్టు తెల్లగా గుడ్లు.

మర్నాడు ఎరువుల కొట్టుకు వెళితే అక్కడి మనిషి మిరప చేలకు వాడే పురుగుమందు పొడి చేతిలో పెట్టి, "రెండు చిటికెలు రెక్కల కింద చల్లండి, సాయంత్రానికి ఒక్క పేను ఉండదు" అన్నాడు. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కోడి రోజంతా ముక్కుతో ఈక ఈకనూ దువ్వుకుంటుంది. చల్లిన విషం ఎక్కడికి పోతుంది? దాని కడుపులోకి, ఆపైన గుడ్డులోకి, మన పిల్లల పళ్లెంలోకి. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి.

దారి చూపించింది తెల్లపెట్టే. పక్కింటి పిన్ని ఇప్పటికీ కట్టెల పొయ్యి మీదే స్నానానికి నీళ్లు కాస్తుంది. బూడిద ఎత్తి వసారా చివర ఒక మూల పోస్తుంది. మధ్యాహ్నం పన్నెండింటికి చూస్తే తెల్లపెట్ట అందులో ఉంది. ముక్కుతో పొడిచి, కాళ్లతో గీరి ముందు గుంట చేసుకుంది. పొట్ట ఆనించి కూర్చుని రెక్కలతో బూడిద మీదికి ఎగజల్లుకుంది. తర్వాత ఒక పక్కకు ఒరిగి, తల నేలకు రుద్దుతూ, ఒక కాలు చాచి కళ్లు అరమోడ్చింది. బూడిదలో నిప్పు ఉందేమోనని పరుగెత్తి చేయి పెట్టాను. గోరువెచ్చగా ఉంది. అయినా అదిలించబోతే పిన్ని ఆపింది: "ఉండమ్మా, తలంటుకుంటోంది. లేపకు." అరగంటకు లేచి ఒళ్లంతా ఒక్కసారి విదిలించుకుంది. బూడిద మబ్బు తగ్గాక చూస్తే, అతుక్కుపోయిన ఈకలన్నీ విడివడి ఒళ్లు గుల్లగా కనిపించింది.

చలికి కావలసింది ఆ గుల్లదనమే. కోడి తోక మొదట్లో ఉండే గ్రంథి నుంచి నూనె తీసి ఈకలకు రాసుకుంటుంది. పాతబడిన నూనె ఈకలను అంటించేస్తుంది. పొడి మట్టి దాన్ని పీల్చేస్తే ఈకల మధ్య గాలి నిలుస్తుంది. ఆ గాలే దానికి దుప్పటి. పేలు పట్టాయని కోడిని సబ్బునీళ్లతో కడిగేవారు చలిలో దాని దుప్పటిని తడిపేస్తున్నారు.

గేదెలను అమ్మేశాక ఖాళీగా పడి ఉన్న కుడితి తొట్టిని ఆ వారమే పాకలోకి చేర్చాం. గాదె కింద మిగిలిన పొడి మట్టి జల్లించి రెండు గంపలు, చల్లారిన కట్టెల బూడిద ఒక గంప, ఎండిన వేపాకు నలిపి రెండు గుప్పెళ్లు. అన్నీ కలిపి జానెడు లోతు పోశాను. ఇప్పుడైతే రోహిణి కార్తె ఎండల్లోనే ఇసుక కలిసిన మట్టి ఎత్తి మూడు సంచులు మూతికట్టి పెడతాను. నల్లరేగడి పనికిరాదు, గడ్డకడుతుంది. బూడిద తడిస్తే చర్మాన్ని మండిస్తుంది కాబట్టి పైన కప్పు తప్పదు. రంగులు వేసిన చెక్క, ప్లాస్టిక్ కాల్చిన బూడిద వద్దు. సున్నం అసలే వద్దు, కళ్లు పోతాయి. పేలు బాగా పట్టిన కోడికి పొర్లాట ఒక్కటే చాలదు, పశువుల డాక్టరుకు చూపించండి. నేను మాత్రం తెల్లపెట్టకు ఈకల మొదళ్లలో చేత్తో బూడిద రుద్ది, గుడ్లు పగిలి కొత్త పేలు వస్తాయి కనుక వారానికోసారి మళ్లీ రుద్దాను. భోగి ముందు రోజు అది గుడ్డు పెట్టింది.

ఆ పండుగ రోజుల్లోనే నాకు కడుపు మండేది. పందెం పుంజుకు బాదం పప్పులు పెడతారు, వేడినీళ్ల కాపడం పెడతారు. ఏడాది పొడవునా గుడ్డు పెట్టే పెట్టకు అదే ఇంట్లో గంపెడు పొడి మట్టి ఉండదు. ఇక బోనుల్లో పెంచే కోళ్ల సంగతి. బంధువుల గుడ్ల ఫారంలో ఒక కోడి తీగల మీదే పడుకుని, కింద రవ్వంత మట్టి లేకపోయినా, రెక్కలు ఎగజల్లుకుంటూ తల రుద్దుకోవడం చూశాను. పొర్లే కోరిక అంత బలంగా ఉంటుంది. యూరోపియన్ యూనియన్‌లో ఆ పాతరకం బోనులను 2012 నుంచి నిషేధించారు. మన దగ్గర ఆ మాట ఎత్తితే నవ్వుతారు.

పెరడున్న వాళ్లం మనం చేస్తున్నది మాత్రం ఏమిటి? గుమ్మం నుంచి ప్రహరీ దాకా సిమెంటు చేయించి, రోజూ నీళ్లతో కడిగి, కోళ్లకు పేలు పడుతున్నాయని వాపోతున్నాం. గ్యాసు పొయ్యి వచ్చి బూడిద పోయింది, సిమెంటు వచ్చి మట్టి పోయింది. పోయిన ఏడాది మావారు కూడా పెరడంతా చేయిస్తానని మేస్త్రీని పిలిచారు. జామచెట్టు చుట్టూ నాలుగడుగులు వదిలేదాకా నేను అక్కడి నుంచి కదల్లేదు. మేస్త్రీ గొణుక్కుంటూనే ఇటుకలతో గట్టు కట్టి వదిలాడు. దాని మీద రేకు వేయించాను. తొట్టిలో చోటు చాలని రోజు ఇప్పుడు నా దగ్గరున్న వనరాజా జాతి పెట్టలు రెండూ అక్కడే పొర్లుతున్నాయి.