మాట్లాడక్కర్లేని ఉద్యోగం కోసం వెతికేవాళ్లకి

డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నానని, నలుగురిలో నోరు విప్పాలంటే గుండె దడ వస్తుందని, తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే ఎత్తలేనని రాశారు. ఎవరితోనూ మాట్లాడక్కర్లేని ఉద్యోగం ఏదైనా ఉందా అని అడిగారు.

అసలు మాట్లాడక్కర్లేని ఉద్యోగం నేనెక్కడా చూడలేదు. కానీ ఎవరితో మాట్లాడాలి, ఎంతసేపు, ముందే తెలిసి మాట్లాడతామా లేక ఉన్నట్టుండి మీద పడుతుందా అన్న దాంట్లో ఉద్యోగానికీ ఉద్యోగానికీ చాలా తేడా ఉంది. ఒకే రంగంలో, ఒకే బిల్డింగులో కూడా ఆ తేడా ఉంటుంది.

మాది రాజమండ్రి పక్క పల్లె. బీఎస్సీ బీజెడ్‌సీ చదివాను. చుట్టాలందరికీ నేను 'నోట్లో నాలుక లేని పిల్ల'ని. హైదరాబాద్ వచ్చాక మొదట దొరికింది ఏఆర్ కాలింగ్. అమెరికాలో ఆసుపత్రి పంపిన బిల్లుకి ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బు కట్టకపోతే, రాత్రి షిఫ్టులో కూర్చుని ఆ కంపెనీకి ఫోన్ చేసి ఎందుకు ఆపారో కనుక్కోవాలి. అవతలివాళ్లు గబగబా అడుగుతారు, మనం వెంటనే చెప్పాలి, ఒక కాల్ అయిపోగానే ఇంకొకటి. హోల్డ్‌లో పెట్టినప్పుడు వచ్చే మ్యూజిక్ వింటుంటేనే నా అరచేతులు తడిసిపోయేవి. అదే ఫ్లోర్‌లో నా పక్క సీటు అమ్మాయి మాత్రం ఆ పనిని చాలా ఇష్టంగా చేసేది. అంటే పని చెడ్డది కాదు, నాకు పడలేదు.

తర్వాత మెడికల్ కోడింగ్‌కి మారాను. రంగం అదే, బిల్లులు అవే. కానీ ఇక్కడ డాక్టరు రాసిన ఛార్టు చదివి, జబ్బుకి ఐసీడీ కోడ్, చేసిన వైద్యానికి సీపీటీ కోడ్ వెయ్యాలి. ఉదాహరణకి ఏ ఇబ్బందీ లేని టైప్ 2 షుగర్ అయితే ఈ11.9. అదే పేషెంటుకి దీర్ఘకాలపు కిడ్నీ జబ్బు కూడా ఉంటే, ఆ రెండింటికీ సంబంధం లేదని డాక్టరు రాస్తే తప్ప, ఈ11.22 వేసి, కిడ్నీ జబ్బు ఏ స్టేజిలో ఉందో దానికి వేరే కోడ్ కలపాలి. ఇలాంటి నియమాల్ని ఓపికగా చదివి, ఒకటికి రెండుసార్లు సరిచూసుకునే స్వభావం ఉన్నవాళ్లకి ఇది చక్కటి పని. ఇంట్లో నన్ను ఏ చాదస్తానికి తిట్టేవారో, ఇక్కడ దానికే క్వాలిటీ స్కోర్ వచ్చింది. ఎక్కువ టీముల్లో పగటి షిఫ్టే. పేషెంట్ల వివరాలు బయటికి పోకూడదు కాబట్టి చాలాచోట్ల సెల్‌ఫోన్ లాకర్లో పెట్టి లోపలికి వెళ్లాలి. నాలాంటివాళ్లకి ఆ ఎనిమిది గంటలు గొప్ప హాయి.

ఇందులోనూ ఒత్తిడి ఉంది. రోజుకిన్ని ఛార్టులని టార్గెట్, వేసిన కోడ్లలో కొన్నింటిని తీసి ఆడిట్. తప్పు దొరికితే మెయిల్ వస్తుంది. ఆ మెయిల్ తెరవడానికి నాకు మొదట్లో చెయ్యి ఆడేది కాదు. కానీ దానికి జవాబు నియమాల పుస్తకం చూసి, ఆలోచించి, రాసి పంపొచ్చు. నాకు కావలసింది ఆ కాస్త వ్యవధే. మెడికల్ కోడర్లు సర్టిఫికెట్ కోసం రాసే సీపీసీ పరీక్ష కూడా ఇలాంటిదే: 100 ప్రశ్నలు, 4 గంటలు, 70 శాతం వస్తే పాస్, కోడ్ పుస్తకాలు పక్కన పెట్టుకునే రాయొచ్చు. పరీక్ష హాల్లో అంతా మర్చిపోయేవాళ్లకి అది ఎంత ధైర్యమో చెప్పలేను. ఇప్పుడు సాఫ్ట్‌వేరే కొన్ని కోడ్లు సూచిస్తోంది, సులువైన ఛార్టుల్లో మనిషి పని తగ్గుతోంది. కాబట్టి ఈ దారిలో వస్తే సర్జరీ, ఇన్‌పేషెంట్ (ఆసుపత్రిలో చేరినవాళ్ల ఛార్టులు) లాంటి కష్టమైన వాటివైపు వెళ్లడమే మంచిది.

మీ సబ్జెక్టు వేరైతే కోడింగే చెయ్యమని అనను. ఏ పనైనా నేను మూడు సంగతులు చూస్తాను. రోజూ కొత్త మొహాలా, తెలిసిన నలుగురేనా? జవాబు అప్పటికప్పుడు చెప్పాలా, రాసి పంపొచ్చా? పొరపాటు జరిగితే దిద్దుకునే వీలుందా? మా తమ్ముడు బీకాం చేసి ఆడిటర్ గారి ఆఫీసులో జీఎస్టీ రిటర్నులు వేస్తాడు. నెలంతా ప్రశాంతమే. 11వ తేదీకి జీఎస్‌టీఆర్-1 అనే అమ్మకాల రిటర్ను, 20వ తేదీకి పన్ను కట్టే 3బీ రిటర్ను దగ్గరపడే కొద్దీ మాత్రం బిల్లులు పంపని షాపులవాళ్లకి ఫోన్ల మీద ఫోన్లు చెయ్యాలి. అయినా వాళ్లంతా తెలిసినవాళ్లే కాబట్టి వాడికి కష్టమనిపించదు. ప్రోగ్రామింగ్ నెమ్మదస్తులకి బాగుంటుందని అందరూ అంటారు కానీ, చాలా టీముల్లో పొద్దున్నే స్టాండప్ కాల్‌లో నిన్న ఏం చేశారో అందరి ముందూ చెప్పాలి. అది తెలిసి వెళ్తే మంచిది.

గవర్నమెంటు ఉద్యోగాల గురించి ఒక మాట. కేంద్ర ప్రభుత్వంలో గ్రూప్ సీ, నాన్ గెజిటెడ్ గ్రూప్ బీ పోస్టులకి 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూ లేదు. బ్యాంకు క్లర్కు పోస్టుకీ లేదు, పీఓకి, అంటే ఆఫీసరు పోస్టుకి ఉంది. ఇంటర్వ్యూ లేదు కదా అని మా స్నేహితురాలు క్లర్కు పరీక్ష రాసి గెలిచింది. చేరాక ఆమెని కూర్చోబెట్టింది క్యాష్ కౌంటర్లో. ఎదురుగా పెద్ద క్యూ, చేతిలో లెక్క తప్పకూడని డబ్బు. లోపలికి వెళ్లే దారి నిశ్శబ్దంగా ఉంటే లోపల కూడా నిశ్శబ్దంగానే ఉంటుందని అనుకోకండి. డిగ్రీవాళ్లు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి రాసే ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ పరీక్షలో పోస్టులకి ప్రాధాన్యత ఇచ్చేటప్పుడు ఏ పోస్టులో రోజంతా ఏం చేస్తారో అక్కడ పనిచేసేవాళ్లని అడిగి తెలుసుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైంది ఇది. ఒంటరిగా ఉండటం ఇష్టం, ఒక పనిలో మునిగిపోవడం ఇష్టం అన్నది మీ స్వభావం. దానికి వైద్యం అక్కర్లేదు, దానికి తగ్గ పని చూసుకోవాలి. ఫోన్ మోగితే దడ, రేపు మాట్లాడాలంటే రాత్రంతా నిద్ర లేకపోవడం వేరే సంగతి. సోషల్ ఫోబియాకి నేను రోజూ చూసే కోడ్ పుస్తకంలో ఎఫ్40.10 అని నంబరే ఉంది. అంటే డాక్టర్లకి బాగా తెలిసిన, వైద్యం ఉన్న సమస్య. ఆ రెండింటినీ ఒకటే అనుకుని, భయం కలిగించే ప్రతిదాన్నీ తప్పించుకుంటూ ఉద్యోగం ఎంచుకుంటే, భయం పెరిగేకొద్దీ చెయ్యగలిగిన పనులు తగ్గిపోతాయి. నేను కోడింగ్‌లోకి మారాక కూడా భయం పోలేదు. సైకాలజిస్టు దగ్గరికి వెళ్లాక తగ్గింది. ఆ మాటల వైద్యాన్ని సీబీటీ అంటారు. చిన్న చిన్న మెట్లు వేసి ఎక్కిస్తారు. గ్యాస్ బుక్ చెయ్యడానికి ఫోన్ చెయ్యడం నా మొదటి మెట్టు, టీమ్ మీటింగులో ఒక్క ప్రశ్న అడగడం ఆ తర్వాతది. ఇప్పుడు కొత్తవాళ్లకి ఆడిట్ ఫీడ్‌బ్యాక్ నేనే ఇస్తున్నాను, ఎదురుగా కూర్చోబెట్టుకుని. డబ్బు ఇబ్బంది ఉంటే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఏ వేళైనా చెయ్యొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఎర్రగడ్డ, విశాఖ ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లో ఓపీ ఉంది. ఎర్రగడ్డ పేరు వినగానే ఇంట్లోవాళ్లు కంగారుపడతారు, నాకు తెలుసు. మీరు పడకండి.

ఇక ఇంటర్వ్యూ. కోడింగ్ ఫ్రెషర్లని ఎక్కువగా అనాటమీ, మెడికల్ పదాలే అడుగుతారు. 'ఎక్టమీ' అంటే కోసి తీసెయ్యడం, 'ఒటమీ' అంటే కోసి తెరవడం, ఇలాంటివి. ఉన్నది ఒక్కటే జవాబు కాబట్టి చదివితే వస్తుంది. 'మీ గురించి చెప్పండి' అన్నదానికి ఆరేడు వాక్యాలు రాసుకుని గట్టిగా, బయటికి వినపడేలా చదవండి. మనసులో అనుకుంటే సరిపోదు, గొంతుకి అలవాటవ్వాలి.

ఆఫర్ లెటర్‌లో ఉత్త 'ప్రాసెస్ అసోసియేట్' అని ఉంటే వెంటనే సంతకం పెట్టకండి. అది వాయిస్ (ఫోన్‌లో మాట్లాడే పని) కావొచ్చు, నాన్ వాయిస్ కావొచ్చు. ఏ ప్రాసెస్, ఏ షిఫ్టు, తర్వాత వాయిస్‌లోకి మార్చే అవకాశం ఉందా అని హెచ్‌ఆర్‌ని అడగండి. ఫోన్‌లో అడగలేకపోతే మెయిల్ పెట్టండి. జవాబు కూడా రాతలో ఉంటుంది.