లోతు నీటి సొరచేపల గురించి రాస్తున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం శ్రద్ధగా చదివాను. సముద్రపు అట్టడుగున మెగలొడాన్ ఇంకా దాగి ఉందన్న ఊహ మీద దాన్నంతా నిలబెట్టావు. ఆ ఊహను పూర్తిగా తీసెయ్యి. సుమారు 36 లక్షల ఏళ్ల కిందట అంతరించిన ఆ సొరచేప వెచ్చని నీళ్లలో తిరుగుతూ తిమింగలాలను వేటాడి బతికింది. ఆహారం అంతంత మాత్రంగా దొరికే చలి చీకట్లలో అది లక్షల ఏళ్లు గుట్టుగా బతకడం అసాధ్యం. పాఠకుణ్ణి ఆశ్చర్యపరచడానికి ఉన్నవాటిని దగ్గరగా చూపిస్తే చాలు.

1976 నవంబరులో హవాయిలోని ఓహూ దీవి దగ్గర అమెరికా నౌకాదళపు పరిశోధన నౌక తన సముద్రపు లంగరును పైకి లాగినప్పుడు, దానికి చిక్కుకుని దాదాపు నాలుగున్నర మీటర్ల సొరచేప ఒకటి బయటపడింది. అంత పెద్ద జంతువు అప్పటిదాకా శాస్త్రానికి తెలియనే తెలియదు. దాన్ని కొత్త జాతిగా వర్ణించి పేరు పెట్టేసరికి 1983 వచ్చింది. అదే మెగామౌత్. నువ్వు దాన్ని ‘నరభక్షకి’ అన్నావు, అది అన్యాయం. ఆ పెద్ద నోటితో అది రొయ్యల్లాంటి చిన్న ప్రాణులను నీటిలోంచి వడగట్టుకు తింటుంది. 1990లో కాలిఫోర్నియా తీరంలో ఒకదానికి ట్రాన్స్‌మిటర్ తగిలించి వెంబడిస్తే, పగలు సుమారు 150 మీటర్ల లోతున ఉంటూ, చీకటి పడగానే 15 మీటర్ల దాకా పైకి వస్తున్నట్టు తేలింది. ఆ రాకపోకలను రాయి.

గ్రీన్‌లాండ్ సొరచేపకు నువ్వు ఒక్క వాక్యమే ఇచ్చావు. దాని కన్ను చూడు. కనుపాప మీద తెల్లని దారంలా వేలాడే పరాన్నజీవి చాలా వాటికి ఉంటుంది. కంటి కటకం నడిమి భాగం పుట్టకముందే ఏర్పడి, ఆ తరువాత మారదు. అందులోని రేడియోకార్బన్‌ను, అంటే వయసు లెక్కకట్టడానికి పనికొచ్చే కార్బన్‌ను కొలిచి, ఐదు మీటర్ల ఆడ సొరచేప ఒకదాని వయసు 272 నుంచి 512 ఏళ్ల మధ్య ఉంటుందని 2016లో ప్రకటించారు. నువ్వు ‘512 ఏళ్లు’ అని మాత్రమే రాశావు. రెండు అంకెలూ ఇవ్వు. శాస్త్రం ఎంతవరకు చూడగలిగిందో పాఠకుడికి తెలిసేది అప్పుడే.

‘అగాధం’ అన్న ప్రతిచోటా ఎన్ని మీటర్లో చెప్పు. 3000 మీటర్లు దాటితే సొరచేపలు కనిపించడం చాలా అరుదు. నీటిలో తేలడానికి తోడ్పడే, నూనె నిండిన పెద్ద కాలేయాన్ని పోషించుకునేంత ఆహారం అక్కడ లేకపోవడమే కారణమని కొందరు శాస్త్రజ్ఞుల భావన. నీ మూడో పేరాలోని సముద్రగర్భ కందకం అంతకన్నా చాలా లోతు, కాబట్టి ఆ పేరాను కొట్టేసి, మిగిలినది తిరగరాసి పంపు.